159లో మేమెక్కడ?

2022 జూలై 21 సాయంత్రం తణుకులో మేం కొందరం ఒకచోట కూడాం. మాలో ఎరుకలవాళ్లం ఉన్నాం, యానాదులం ఉన్నాం, బుట్టాయగూడెం వైపు నుంచి ఉద్యోగాలకని పల్లానికి దిగివచ్చిన కోయలం ఉన్నాం. టీవీలో రాష్ట్రపతి ఎన్నిక ఓట్ల లెక్కింపు వస్తోంది. మూడో రౌండుకే ద్రౌపది ముర్ము సగం దాటేశారు. మిఠాయి తెప్పించి పంచుకున్నాం. ఒక సంతాల్ ఆడబిడ్డ రాష్ట్రపతి భవన్‌లో అడుగుపెడుతోందంటే మా ఇంటి ఆడబిడ్డే వెళ్తున్నట్టు అనిపించింది. ఆ సంతోషం అబద్ధం కాదు. దాన్ని ఇప్పటికీ దాచుకోం.

మిఠాయి చేతిలో పెట్టగానే మాలో ఒకరి నాయనమ్మ అడిగింది: "మరి మనం ఓటెప్పుడేశాంరా అబ్బాయ్?"

"మనం వెయ్యం మామ్మా. మన తరపున ఎమ్మెల్యేలు, ఎంపీలు వేస్తారు."

"అయితే మనల్నడిగే వేశారా?"

ఎవ్వరం మాట్లాడలేదు. ఎమ్మెల్యే ఎప్పుడైనా అడిగాడా అని ఆలోచిస్తే, అడగాలన్న ఊహ కూడా మాకు అంతకుముందు రాలేదని తెలిసింది. ఆ ముసలమ్మ ప్రశ్నకు జవాబు వెతకడానికే ఈ వ్యాసం.

ఆ ఎన్నిక తర్వాత మా మధ్య రెండు మాటలు బాగా వినిపించాయి. ఒకటి, "మన బిడ్డ గెలిచింది, ఇక మన కష్టాలు తీరతాయి" అన్నది. రెండోది, "ఆ పదవి ఒట్టి రబ్బరు స్టాంపు, ఎవరు కూర్చుంటే మనకేంటి" అన్నది. మేం రెండింటినీ ఒప్పుకోం. మొదటి మాట పదవికి లేని బలాన్ని అంటగడుతోంది. రెండోది ఉన్న బలాన్ని కూడా చూడనివ్వడం లేదు. పైగా రెండు మాటలూ ఒక ప్రశ్నను తప్పించుకుంటున్నాయి: ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలో తేల్చేది ఎవరు, ఎలా?

ముందు లెక్క చూద్దాం. రాష్ట్రపతిని ప్రజలు నేరుగా ఎన్నుకోరు. పార్లమెంటు ఉభయసభల్లో, రాష్ట్రాల శాసనసభల్లో ఎన్నికైన సభ్యులంతా కలిసి ఒక నియోజకగణం అవుతారు. దాన్నే ఎలక్టోరల్ కాలేజీ అంటున్నాం. 2022లో ఆ గణంలో 4,809 మంది ఉన్నారు. ఎమ్మెల్యే ఓటు విలువ రాష్ట్రాన్నిబట్టి మారుతుంది. రాష్ట్ర జనాభాను అసెంబ్లీ స్థానాల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ వెయ్యితో భాగిస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎమ్మెల్యే ఓటు విలువ 159, తెలంగాణలో 132, ఉత్తరప్రదేశ్‌లో 208, సిక్కింలో 7. ఎంపీ ఓటు విలువ ఆ ఏడాది 700. అన్నీ కలిపితే 10,86,431. అందులో ముర్ముకు 6,76,803, యశ్వంత్ సిన్హాకు 3,80,177 వచ్చాయి.

ఈ లెక్కలో జనాభా అంటే నేటి జనాభా కాదు, 1971 జనగణన నాటిది. కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలు నష్టపోకూడదని 1976లో ఆ అంకెను అలా నిలిపేశారు. 2026 తర్వాత జరిగే మొదటి జనగణన లెక్కలు వెలువడేదాకా అదే అంకె. మా పిల్లలు చాలామంది ఆ లెక్క నాటికి పుట్టనేలేదు.

ఇందులో మా వాటా ఎంత? మన రాష్ట్రంలో 175 అసెంబ్లీ స్థానాలుంటే ఎస్టీలకు కేటాయించినవి 7: పాలకొండ, కురుపాం, సాలూరు, అరకు, పాడేరు, రంపచోడవరం, పోలవరం. ఏడు 159లు 1,113. అరకు ఎంపీ ఓటు 700. రెండూ కలిపి 1,813. పది లక్షల ఎనభై ఆరు వేల పైచిలుకులో ఇది వెయ్యికి రెండు కూడా కాదు. తణుకు, తాడేపల్లిగూడెం, ఏలూరు, కొల్లేరు గట్ల మీద బతికే యానాదులకు, ఎరుకలకు ఆ ఏడు స్థానాల్లోనూ చోటు లేదు. మా ఓట్లు జనరల్ స్థానాల్లో కలిసిపోతాయి. తణుకు ఎమ్మెల్యే వేసే 159లో మేమెక్కడున్నామో ఎవరూ వేరుచేసి చెప్పలేరు.

మిజోరం సంగతి ఇంకా విచిత్రం. అక్కడ జనంలో నూటికి తొంభైమందికి పైగా గిరిజనులే. ఎమ్మెల్యేలు నలభై మంది, ఒక్కొక్కరి ఓటు విలువ 8. మొత్తం అసెంబ్లీ విలువ 320. మన రాష్ట్రంలో ఇద్దరు ఎమ్మెల్యేల ఓట్లు కలిపితే 318. అంటే ఒక గిరిజన రాష్ట్రం మొత్తం మన ఇద్దరు ఎమ్మెల్యేలతో సమానం. జనాభా లెక్కన ఇది న్యాయమే, కాదనలేం. కానీ జనాభా లెక్కన న్యాయమైనదంతా చిన్న సమూహాలకు న్యాయం కాదని మాకంటే బాగా ఎవరికి తెలుసు?

అలాగని రాజ్యాంగ నిర్మాతలు ఆలోచించకుండా ఈ పద్ధతి పెట్టారని అనలేం. రాజ్యాంగ సభలో కె.టి. షా రాష్ట్రపతిని వయోజన ఓటుతో నేరుగా ఎన్నుకోవాలని పట్టుబట్టారు. నెహ్రూ ఒప్పుకోలేదు. పాలన నడిపేది మంత్రివర్గం. కోట్లమంది ఓట్లతో గెలిచిన రాష్ట్రపతికి అసలు అధికారం లేకుండా చేస్తే అది అర్థంలేని పని, అధికారం ఇస్తే ప్రధానితో తగువు. ఖర్చు, శ్రమ సరేసరి. ఒక్క పార్లమెంటే ఎన్నుకుంటే ఢిల్లీలో మెజారిటీ ఉన్న పార్టీ చెప్పుచేతల్లోకి పోతుంది గనుక రాష్ట్రాలనూ కలిపారు. 1952 మే నెలలో జరిగిన మొదటి ఎన్నికలో అదే కె.టి. షా రాజేంద్రప్రసాద్ మీద పోటీచేసి రెండో స్థానంలో నిలిచారు.

ఆ ఎన్నికలో ఓటుహక్కు ఉన్నవాళ్లలో మాకు బాగా తెలిసిన పేరొకటుంది: గాం మల్లుదొర. అల్లూరి సీతారామరాజు వెంట మన్యం తిరుగుబాటులో పోరాడి, జైలుశిక్ష అనుభవించి, 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికైన మనిషి. తెల్లవాడి పోలీసుస్టేషన్ల మీద పడినవాడికి స్వతంత్ర దేశపు అధ్యక్షుణ్ణి ఎన్నుకునే గణంలో చోటు దక్కింది. నియోజకుడు అనే మాటకు మేం కోరుకునే అర్థం ఇది. జనం మధ్యనుంచి లేచి, జనం తరపున నిలబడి, జనానికి తెలిసిన మనిషి.

ఇక ఆ పదవికీ మాకూ ఉన్న సంబంధం. రబ్బరు స్టాంపు అనేవాళ్లు ఇక్కడ ఆగి చూడాలి. దేశంలో మరే సమూహానికీ రాష్ట్రపతితో మాకున్నంత నేరు సంబంధం రాజ్యాంగంలో లేదనిపిస్తుంది. ఏ కులం, ఏ తెగ షెడ్యూల్డ్ తెగ అవుతుందో 342వ అధికరణం కింద మొదట ప్రకటించేది రాష్ట్రపతి. ఏ ఊరు షెడ్యూల్డ్ ప్రాంతమో అయిదో షెడ్యూల్ కింద ప్రకటించేది రాష్ట్రపతి. పోలవరం, బుట్టాయగూడెం వైపు ఏజెన్సీ గీత 1950 జనవరి 26న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుతో పడింది. ఆ గీతకు ఇవతల మిగిలిన గిరిజన ఊళ్లు నాన్ షెడ్యూల్డ్ అనే పేరుతో ఇప్పటికీ భూమి కాపాడుకోలేక అవస్థ పడుతున్నాయి. ఏజెన్సీ భూములకు కంచె అయిన 1959 నాటి ఒకటో రెగ్యులేషన్, దాన్ని బిగించిన 1970 నాటి ఒకటో రెగ్యులేషన్ గవర్నర్ చేసినవి. అయిదో షెడ్యూల్ కింద గవర్నర్ చేసే రెగ్యులేషన్‌కు రాష్ట్రపతి ఆమోదం లేనిదే బలం లేదు. షెడ్యూల్డ్ ప్రాంతాల పరిపాలన మీద గవర్నర్ ఏటా నివేదిక పంపాల్సింది రాష్ట్రపతికే. జాతీయ ఎస్టీ కమిషన్ తన నివేదికలు ఇచ్చేదీ రాష్ట్రపతికే.

2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు జీవో నెంబరు 3ను కొట్టేసింది. ఏజెన్సీ బడుల్లో టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి ఉత్తర్వు అది. అప్పుడు మా సంఘాలు పట్టుకున్న కాగితాలన్నిటి మీదా గవర్నర్, రాష్ట్రపతి అనే రెండు మాటలే ఉన్నాయి. పనికిరాని పదవికి ఎవరూ అన్ని అర్జీలు పెట్టుకోరు.

అయితే ఆ సంతకం మా మేలుకే పడుతుందన్న హామీ లేదు. 2014 మే 29న రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ఒక ఆర్డినెన్సు మీద సంతకం పెట్టారు. తెలంగాణ పుట్టడానికి నాలుగు రోజుల ముందు, పోలవరం ముంపు కోసం ఖమ్మం జిల్లా మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చేశాయి. కుక్కునూరు, వేలేరుపాడు అప్పటి పశ్చిమగోదావరిలో కలిశాయి. రాత్రి ఒక రాష్ట్రంలో పడుకున్న కోయ పల్లెలు తెల్లారి ఇంకో రాష్ట్రం కిందకు పోయాయి. ఇది మంత్రివర్గం నిర్ణయం, రాష్ట్రపతి మంత్రివర్గం సలహా ప్రకారమే నడవాలి అంటారు. నిజమే. కానీ ఆ సలహాను ఒక్కసారి పునరాలోచించమని వెనక్కి పంపే వీలు 1978 నాటి 44వ సవరణ ఇచ్చింది. దాన్ని వాడిన రాష్ట్రపతి ఉన్నారు. ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన పెట్టాలన్న సిఫారసును 1997లో, బీహార్‌లో పెట్టాలన్న సిఫారసును 1998లో కె.ఆర్. నారాయణన్ తిప్పి పంపారు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు ఆయనే. ముర్ము కూడా జార్ఖండ్ గవర్నరుగా ఉండగా 2017లో ఛోటానాగ్‌పూర్, సంతాల్ పరగణా కౌలు చట్టాల సవరణ బిల్లులను సంతకం పెట్టకుండా వెనక్కి పంపారు. ఆదివాసీ భూమికి కంచెలైన చట్టాలవి. అదే ముర్ము రాష్ట్రపతి అయ్యాక, పలు ఆదివాసీ సంఘాలు వద్దన్న అటవీ సంరక్షణ సవరణ బిల్లుకు 2023 ఆగస్టులో ఆమోదం తెలిపారు. ఒకే చెయ్యి, రెండు సంతకాలు. ఇందులో మేం ఆమెను నిందించడం లేదు. కుర్చీలో మన మనిషి కూర్చోవడం ఒకటి, మన మాట అక్కడిదాకా చేరే దారి ఉండటం వేరొకటి అంటున్నాం.

ఆ దారి ఎక్కడ తెగిపోతోంది? 2012 ఎన్నికను, 2022 ఎన్నికను పక్కపక్కన పెడితే కనిపిస్తుంది. 2012లో మేఘాలయకు చెందిన గారో గిరిజనుడు పి.ఎ. సంగ్మా పోటీచేశారు. ఇన్నేళ్లలో ఒక్క గిరిజనుడూ రాష్ట్రపతి కాలేదన్నదే ఆయన వాదన. ప్రణబ్ ముఖర్జీకి 7,13,763, సంగ్మాకు 3,15,987 వచ్చాయి. పదేళ్ల తర్వాత గిరిజన అభ్యర్థి అంతకు రెట్టింపు విలువతో గెలిచారు. మన రాష్ట్రంలో అధికారపక్షం, ప్రతిపక్షం రెండూ ముర్ముకే మద్దతిచ్చాయి. సిన్హాకు ఇక్కడ ఒక్క ఓటూ పడలేదు. ఈ పదేళ్లలో ఎమ్మెల్యేలకు గిరిజనుల మీద ప్రేమ పుట్టుకొచ్చిందా? పార్టీల లెక్క మారింది, అంతే. 2012లో అయినా, 2022లో అయినా పోలవరం ఎమ్మెల్యే ఎటు వేయాలన్నది పోలవరంలో తేలలేదు. పార్టీ ఆఫీసులో తేలింది.

చట్టం మాత్రం నియోజకుణ్ణి కట్టెయ్యలేదు. రాష్ట్రపతి ఎన్నికలో ఓటు రహస్యం. పార్టీ విప్ జారీ చేయడానికి లేదు. పార్టీ చెప్పినట్టు వేయకపోయినా సభ్యత్వం పోదు. 1969లో ఆ స్వేచ్ఛ ఒకసారి బయటపడింది. బరిలో ప్రధానంగా ఇద్దరూ తెలుగువాళ్లే. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి అనంతపురం జిల్లా ఇల్లూరుకు చెందిన నీలం సంజీవరెడ్డి. స్వతంత్రుడుగా బరంపురంలో పుట్టిన వి.వి. గిరి. అంతరాత్మ చెప్పినట్టు ఓటెయ్యమని ఇందిరాగాంధీ పిలుపిచ్చారు. మొదటి ప్రాధాన్య ఓట్లతో తేలక, రెండో ప్రాధాన్య ఓట్లు కలిపాక గిరి 4,20,077, రెడ్డి 4,05,427. నియోజకులు పార్టీ టిక్కెట్టును కాదన్న ఎన్నిక అది. అయితే ఆ అంతరాత్మ కూడా సగం ప్రధానమంత్రి పిలిస్తేనే లేచింది. జనం పిలిస్తే లేచింది కాదు.

సరే, అయితే నేరుగా ఎన్నుకుందామా? మాలో కొందరు కుర్రాళ్లు ఈ మాట గట్టిగా అంటారు. వాళ్ల ఆవేశం మాకు అర్థమవుతుంది. కానీ మేం తలూపలేం. 2011 లెక్కల ప్రకారం దేశ జనాభాలో గిరిజనులు నూటికి 8.6, మన రాష్ట్రంలో అయిదున్నర. నేరు ఎన్నికలో గెలవాలంటే మిగతా తొంభైమంది దగ్గరికి వెళ్తే చాలు. శ్రీలంకలో 1978 రాజ్యాంగం నేరుగా ఎన్నికయ్యే, అధికారమంతా చేతిలో ఉండే అధ్యక్షుణ్ణి పెట్టింది. 2019లో గొటబాయ రాజపక్స నూటికి 52 ఓట్లతో గెలిచారు. తమిళులు, ముస్లింలు ఎక్కువగా ఉన్న ఉత్తర, తూర్పు ప్రాంతాలు ఆయనకు వ్యతిరేకంగా వేసినా గెలుపు ఆగలేదు. 2022 జూలైలో ఆయన దేశం విడిచి పారిపోయాక, ముర్ము గెలుపుకు సరిగ్గా ఒకరోజు ముందు, అక్కడి పార్లమెంటు సభ్యులే కొత్త అధ్యక్షుణ్ణి ఎన్నుకున్నారు. నేరుగా ఎన్నుకున్నవాణ్ణి జనం వీధుల్లోకొచ్చి దించాల్సి వచ్చింది.

ఇంకోవైపు అమెరికా ఉంది. అక్కడా నియోజకులే. కానీ 2000లో, 2016లో దేశం మొత్తం మీద తక్కువ ఓట్లు వచ్చినవాళ్లు నియోజకుల లెక్కతో అధ్యక్షులయ్యారు. ఆ నేల అసలు మనుషులైన ఆదివాసులందరికీ అమెరికా పౌరసత్వం దక్కింది 1924లోనే. నేరు పద్ధతి అయినా, పరోక్ష పద్ధతి అయినా మా వంటివాళ్లకు తనంతట తాను న్యాయం చేయదని ఈ రెండు దేశాలూ చెబుతున్నాయి.

పరోక్ష ఎన్నిక రోగం మనకు ఢిల్లీ దాకా వెళ్లకుండానే తెలుసు. మండలాధ్యక్షుణ్ణి 1987లో జనం నేరుగా ఎన్నుకున్నారు. ఇప్పుడు ఎంపీటీసీలు ఎన్నుకుంటున్నారు. మున్సిపల్ చైర్మన్‌ను 2000లో జనం నేరుగా ఎన్నుకున్నారు. 2005 నుంచి కౌన్సిలర్లు ఎన్నుకుంటున్నారు. ఫలితంగా క్యాంపు రాజకీయం అనే మాట మా గోదావరి జిల్లాల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. గెలిచిన సభ్యుల్ని బస్సెక్కించి, ఫోన్లు లాక్కుని, ఎన్నిక రోజున తీసుకొచ్చి చెయ్యెత్తిస్తారు. ఎస్టీ మహిళకు కేటాయించిన అధ్యక్ష పదవైతే ఆమె కుర్చీలో ఉంటుంది, క్యాంపు పెట్టినవాడు వెనక ఉంటాడు. అదే గ్రామంలో సర్పంచిని జనమే ఎన్నుకుంటారు గనుక కనీసం రచ్చబండ దగ్గర నిలదీయగలుగుతారు. ఎన్నుకునేవాళ్లు తక్కువైనకొద్దీ వాళ్లను పట్టుకోవడం సులువు. ఇది పరోక్ష పద్ధతికి ఉన్న అసలు లోపం. రాష్ట్రపతి ఎన్నికలో బస్సులు ఉండవు. పార్టీయే పెద్ద బస్సు.

అందుకని మా అభిప్రాయం ఇది. రాష్ట్రపతిని పరోక్షంగా ఎన్నుకోవడం తప్పు కాదు. నియోజకుడు మమ్మల్ని అడక్కుండా పోయి, చెప్పకుండా తిరిగిరావడం తప్పు. పరోక్షం అంటే మధ్యలో ఒక మనిషి ఉండటం. ఆ మనిషి రెండువైపులా నడవాలి. ఇప్పుడు ఒకవైపే నడుస్తున్నాడు, అదీ జనం వైపు కాదు. మా కుల పెద్దలు పూర్వం తగువు తీర్చడానికి ఊరి తరపున వెళ్తే, వెళ్లేముందు కూర్చోబెట్టి అడిగేవాళ్లు, వచ్చాక మళ్లీ కూర్చోబెట్టి చెప్పేవాళ్లు. ఆ కూడికల్లో ఆడవాళ్ల మాట తక్కువగా వినేవాళ్లు, ఆ లోపాన్ని దాచం. కానీ అడగడం, చెప్పడం అనే రెండూ ఉండేవి. జైపాల్ సింగ్ ముండా రాజ్యాంగ సభలో ఆదివాసులకు ప్రజాస్వామ్యం నేర్పనక్కర్లేదని, వాళ్ల దగ్గరే నేర్చుకోవాలని వాదించింది ఇందుకే.

చట్టంలో దీనికి చోటుంది కూడా. పెసా చట్టం 1996లో వచ్చింది. మన రాష్ట్రంలో నియమాలు 2011లో వచ్చాయి. షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభ కూర్చుని తీర్మానం చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రాష్ట్రపతి ఎన్నికకు ముందు పోలవరం నియోజకవర్గంలో ప్రతి గ్రామసభా కూర్చుని, "మా ఎమ్మెల్యే ఓటు అడిగే అభ్యర్థి ముందు ఈ ప్రశ్నలకు జవాబు చెప్పాలి" అని తీర్మానం రాసి ఎమ్మెల్యే చేతికిస్తే, దాన్ని తప్పు అనగలవాడు లేడు. ఆ తీర్మానం ఆయన్ని చట్టప్రకారం కట్టెయ్యదు. కానీ ఆ కాగితం ఆయన జేబులో బరువుగా ఉంటుంది. పెసా గ్రామసభ లేని తణుకు, తాడేపల్లిగూడెం, కొల్లేరు వైపు మా కాలనీలు కూడా కూర్చోవచ్చు. తీర్మానం కాకపోతే అర్జీ అవుతుంది.

అడగాల్సినవి పెద్ద ప్రశ్నలేం కావు. గవర్నరు ఏటా పంపాల్సిన నివేదిక అందుతోందా లేదా అని చూస్తారా? దాన్ని జనం చదివేలా బయటపెట్టమంటారా? ఏజెన్సీ సరిహద్దు పక్కనే నిలిచిపోయిన నాన్ షెడ్యూల్డ్ ఊళ్ల సంగతి తెప్పించుకుంటారా? మా భూమి, మా అడవి మీద బిల్లు వస్తే ఒక్కసారైనా వెనక్కి పంపి ఆలోచించమంటారా? అభ్యర్థి గిరిజనుడైనా, బ్రాహ్మణుడైనా, ఏ పార్టీ నిలబెట్టినా ఇవే ప్రశ్నలు. మన బిడ్డ అయితే ప్రశ్నలు మానేయడం ఆ బిడ్డకు మనం చేసే మేలు కాదు. ఢిల్లీలో ఆమెను ఒంటరిని చేయడం అవుతుంది.

ముర్ము పదవీకాలం 2027 జూలై 24తో ముగుస్తుంది. మళ్లీ నియోజకులు వరసలో నిలబడతారు. మళ్లీ 159లు లెక్కపెడతారు. ఆ రోజు ఎవరు గెలిచినా మిఠాయి పంచుకునే ముందు మామ్మకు జవాబు చెప్పగలగాలి. "మన ఓటు కాదు మామ్మా, కానీ ఈసారి వేసినాయన మన దగ్గర కూర్చుని అడిగి వెళ్లాడు" అనగలగాలి. అంతమాత్రం అనలేకపోతే ఆ మిఠాయి తీపి ఆమె నోటికి ఎక్కదు. మా నోటికీ ఎక్కకూడదు.